రోడ్డు పొడుగునా తప్పులే

గాలిమర విషయంలో మా బావమరిదిని పోలీసులు అరెస్టు చేశారు. సరే, అరెస్టంటే మరీ అరెస్టు కాదు, కారు ఆపి అడిగారు. అడిగింది కూడా ఒక్క కానిస్టేబులే. కానీ తప్పు మాత్రం మావాడిదే. కారెక్కాడంటే వాడి నోట ఒక్క ఒప్పు రాదు.

నేల మీద ఉన్నంతసేపూ వాడు రిటైరైన సైన్సు మాస్టారు. బడిలో పనిచేసినన్నాళ్ళూ తప్పు ఒప్పుకున్న పాపాన పోలేదు. అలాంటివాడు స్టీరింగు పట్టుకోగానే సూర్యుణ్ణి ఉత్తరాన ఉదయింపజేస్తాడు. నేనూ కోతలు కోసేవాణ్ణే, కాన్వెంటు సిస్టర్ల బడిలో అందుకు మోకాళ్ళ మీద నిలబడ్డవాణ్ణే. కానీ నా కోతలకి ఓ అందం ఉంటుంది. వీడివి వట్టి తప్పులు.

మా కోడలు కొండమీది ఆసుపత్రిలో నర్సు. ఆమెకి సెలవు దొరకడం గగనం కాబట్టి మా మనవరాలే అమ్మ దగ్గరికి వెళ్ళాలి. దానికేమో కారు పడదు. ఘాటు రోడ్డు మొదలవగానే మొహం పాలిపోతుంది, రెండో మలుపుకల్లా తిన్నదంతా సీటు మీద ఉంటుంది. సీట్లు కడిగి కడిగి విసిగిపోయిన మా అబ్బాయి, "ఇంక చాలు తల్లీ, కాస్త పెద్దయ్యాక వెళ్దువుగాని," అనేశాడు. పిల్ల ఏడవలేదు. చెప్పులేసుకుని వెళ్ళి గుమ్మంలో కూర్చుంది.

అప్పుడే వచ్చిన మా బావమరిది దాన్ని చూశాడు. మర్నాడు పొద్దున్నే కారుతో దిగాడు.

"నేను తీసుకెళ్తానురా. బావా, నువ్వూ రా."

"మామయ్యా, సీట్లు పాడైపోతాయి!"

"నా సీట్లకి పాడవ్వడానికి ఇంకేం మిగిలిందిరా?"

"సరే, కానీ ఇదే ఆఖరు. ఇది మళ్ళీ కక్కిందా, ఇంక నన్ను అడగొద్దు," అన్నాడు మా అబ్బాయి. మనవరాలు పొట్ట పట్టుకుని కారెక్కింది.

"చూడమ్మా, నేను తప్పు చెప్తే నువ్వు పట్టుకోవాలి," అన్నాడు మావాడు. "రుజువు పుస్తకంలో ఉంటే చెల్లదు, కారులో ఉన్నా చెల్లదు. కిటికీలోంచి దూరంగా కనిపించాలి. నేను ఓడితే అద్దం దించి, నాది తప్పు అని అరుస్తా."

"ఎంత గట్టిగా?"

"కొండలు అదిరేలా."

ఊరు దాటగానే మొదలెట్టాడు. "ఆ కొండ మహా గడుసుది. ఇందాక మనకి ఎడమవైపుండేది, ఇప్పుడు కుడివైపుకి జరిగింది."

"కొండలు జరగవు చిన్న తాతయ్యా! మన రోడ్డే తిరిగింది. వెనక్కి చూడు!"

"నాది తప్పూ!" అని అరిచాడు. ఎదురుగా వస్తున్న లారీ డ్రైవరు కంగారుపడి, "పర్లేదన్నా!" అని చెయ్యూపాడు.

తరవాత గాలిమరలు వచ్చాయి. "ఇవి తిరగబట్టే మనకి గాలొస్తోంది," అన్నాడు.

మనవరాలు అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు వెతికింది. "అదిగో, ఆ పొగగొట్టం! దాని పక్కన గాలిమర లేదు. మరి పొగ పక్కకెలా పోతోంది?"

"నాది తప్పూ!" సరిగ్గా చెక్‌పోస్టు ముందు. కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏం తప్పు చేశారు?"

"గాలిమర వల్ల గాలొస్తుందన్నానండీ."

కానిస్టేబులు కారులోకి తొంగిచూశాడు. "తాగారా?"

"లేదంకుల్, ఈయన సైన్సు మాస్టారు!" అంది మనవరాలు. ఆయన అనుమానం ఇంకా పెరిగింది.

ఈ పరువు తక్కువ భరించలేక నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. ఘాటు రోడ్డంతా అక్షరం వదలకుండా చదివాను. పక్కన వాళ్ళిద్దరి గోల ఆగలేదు. వాగు కొండెక్కుతోందని వీడు, నురగ కిందికే పోతోందిగా అని అది. మలుపులు ఎన్ని వచ్చాయో ఎవరూ చూడలేదు.

ఆసుపత్రి గేటు దగ్గర మా కోడలు బకెట్టూ, తువ్వాలూ, మార్చడానికి గౌనూ పట్టుకుని నిలబడి ఉంది. కారు ఆగీ ఆగకముందే మనవరాలు పొడి గౌనుతో దూకి, "అమ్మా, నేను గెలిచా!" అంటూ వాళ్ళమ్మ మెడకి చుట్టుకుపోయింది. బకెట్టు ఖాళీగా మిగిలింది. కాసేపే. తరవాత దానితో నాకు అవసరం పడింది.

"ఘాటు రోడ్డులో ఎవరైనా పేపరు చదువుతారా మామయ్యగారూ!" అంది కోడలు, నా వీపు రాస్తూ. "దూరంగా చూస్తే కడుపులో తిప్పదు, దగ్గరగా చూస్తేనే తిప్పుతుంది. నిన్న చిన్న మామయ్యగారు ఫోన్ చేసి మా డాక్టరుగారిని ఇదే పదిసార్లు అడిగారు. పిల్లకి తెలియనివ్వొద్దన్నారు. తెలిస్తే కడుపు గురించే ఆలోచిస్తుందట."

నేను తలెత్తి చూశాను. మావాడు అటు తిరిగి, శుభ్రంగా ఉన్న అద్దాన్ని తుడుస్తున్నాడు.

మొన్న ఇదంతా రాసి వాడికి చదివి వినిపించాను. చివరిదాకా విని కారు తాళాలు తీసుకున్నాడు.

"ఒక్క ముక్క నిజం లేదు బావా. నేను ఏ డాక్టరుకీ ఫోన్ చెయ్యలేదు. ఆ రోజు నేనసలు ఊళ్ళోనే లేను. పక్కకి జరుగు, అది అప్పుడే కారెక్కి కూర్చుంది. వాళ్ళమ్మ దగ్గర దింపి రావాలి."