కిర్రుమనని తలుపు

విశ్వవిద్యాలయం ఆఫీసు భవనంలో నలభై రెండు తలుపులు. వాటి తాళంచెవులన్నీ అటెండరుగా ఆయన నడుముకే వేలాడేవి. ముప్పై ఏళ్లుగా ప్రతి సోమవారం నూనె డబ్బా పట్టుకుని తిరిగేవాడు. తన ముందు ఏ తలుపూ నోరెత్తకూడదని పంతం. వెనకవైపు బయటికి తెరుచుకునే రికార్డు గది తలుపు ఒక్కటే వానకు తడిసి మొండికేసింది. తీస్తే భవనమంతా వినబడేలా కిర్రుమనేది.

అమ్మాయిల హాస్టల్ మూసేస్తున్నారని అరవై మంది విద్యార్థులు ఆ భవనంలో బైఠాయించారు. వాళ్లలో ఆయన అన్న కూతురూ ఉంది. ఆమె పిలుపు పట్టుకుని అందరికీ బాబాయ్ అయిపోయాడు. ఉద్యోగుల్లో ఆయన్నొక్కణ్ణే లోపలికి రానిచ్చారు.

"వెనక తలుపు రెండో తాళంచెవి రిజిస్ట్రార్ దగ్గరుందిరా, జాగ్రత్త," అన్నాడు ఆమెతో.

"ఉండనీ బాబాయ్. అది తీస్తే ఊరంతా లేస్తుంది. అదే మా కాపలా."

"నా పరువు తీస్తోంది, నీకు కాపలానా!" అని నవ్వాడు.

ఆ తలుపుకి అడ్డంగా ఒక బీరువా జరుపుదామని అరవై మందిలో ఒక్కరికీ తోచలేదు. తీర్మానాల్లో కామాలు దిద్దుకోవడానికే వాళ్లకు తీరిక లేదు.

ఆఫీసులు మూతబడ్డాయి కదా, బాబాయ్‌కి చేతినిండా ఖాళీ. సోమవారం వచ్చింది. రికార్డు గది తలుపు ఊడదీసి, తుప్పు గీకి, అంచు చిత్రిక పట్టి, బందులకు నూనె వేసి మళ్లీ బిగించాడు. వేలితో తోస్తే గాలిలా కదిలింది. మురిసిపోయాడు. ఆమె అన్న మాట ఆ మురిపెంలో ఎక్కడికి పోయిందో!

మర్నాడు మిట్టమధ్యాహ్నం, అందరూ ముందు హాల్లో సమావేశంలో ఉండగా పోలీసులు వెనకనుంచి వచ్చారు. చప్పుడే లేదు. హాస్టల్ మూతపడింది. ఆమెను ఏడాదిపాటు చదువుకు దూరం పెట్టారు.

వారం తిరక్కుండా రిజిస్ట్రార్ అందరి ముందూ ఆయనకు మెచ్చుకోలు పత్రం ఇచ్చాడు: 'మీ సహకారం మరువలేనిది'. నేనేం సహకరించలేదు సార్ అనాలి. అనబోయాడు. చప్పట్లు కొట్టారు, చేతులు జోడించాడు.

"చేతి అలవాటమ్మా, ఒట్టు," అన్నాడు అన్నగారింటి గుమ్మంలో.

"నమ్ముతాను బాబాయ్. అయితే ఆ కాగితం నాకొద్దని రాసి వాళ్లకి తిరిగిచ్చెయ్. నువ్వే దారిచ్చావంటున్న మావాళ్లందరికీ ఆ రాత చూపిస్తాను."

"రేపే రాస్తానమ్మా."

రిటైరవడానికి ఎనిమిది నెలలుంది. ఇప్పుడెందుకు లేనిపోని తంటా అనుకున్నాడు. ఎనిమిది నెలలూ అలాగే అనుకున్నాడు. ఆమె మళ్లీ అడగలేదు. బాబాయ్ ఇంటి గడప తొక్కనూ లేదు.

ఇప్పుడు ఆయన ఇంటి వీధి తలుపు కిర్రుమంటోంది. "ఊళ్లో తలుపులన్నీ బాగుచేశావు, మనదానికి రెండు చుక్కలు వేస్తే అరిగిపోతావా?" అంటుంది భార్య.

వెయ్యడు. అది కిర్రుమన్నప్పుడల్లా లేచి, ఎవరొచ్చారో చూస్తాడు. పత్రం మాత్రం ఇంకా బీరువాలోనే ఉంది.