నక్కకు దీర్ఘం తీస్తే

పోలీసు యాక్షన్ అయిన ఆ కొత్త రోజుల్లో మా సికింద్రాబాదులో అనుమానం లేని మనిషంటూ లేడు. ఖాకీ చొక్కా వేసుకున్నవాణ్ణి చూస్తే రజాకారేమోనని, గొంగడి కప్పుకున్నవాణ్ణి చూస్తే కమ్యూనిస్టు సంఘంవాడేమోనని, ఏ వేషమూ లేకుండా మామూలుగా ఉన్నవాణ్ణి చూస్తే సీఐడీ ఏమోనని జనం పక్కకు తప్పుకునేవారు. నేను ఆ మూడో రకంలోకి వచ్చేవాణ్ణి. గుంటూరు వైపు నుంచి వచ్చి ఒక ఆఫీసులో కొత్తగా గుమాస్తాగా చేరి, మారేడ్‌పల్లిలో మా బాబాయి ఇంట్లో ఉండేవాణ్ణి. నేను వీధిలోకి రాగానే ఎదురింటివాళ్లు మాటలు ఆపేసేవారు. (నాకది కొంచెం గొప్పగానే ఉండేది.)

బాబాయి మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టరు. ఇంగ్లండుకు వెళ్లిపోతూ ఒక దొర ఆయనకు దుర్బిన్ బిగించిన రైఫిలు ఒకటి ఇచ్చిపోయాడు. పిల్లల్లేని ఆ ఇంట్లో బాబాయి దానికి ముఖమల్ గలేబు కుట్టించి, ఆదివారం చర్చి నుంచి రాగానే ఒళ్లో పెట్టుకుని నూనెగుడ్డతో తుడుస్తూ దానితో ఏవో కబుర్లు చెప్పేవాడు. యాక్షన్ తర్వాత ఊళ్లో ఆయుధాలన్నీ ఠాణాలో అప్పగించమన్నప్పుడు ఆయన అన్నం మానేశాడు. ఎందరి కాళ్లో పట్టుకుని లైసెన్సుతో సహా దాన్ని వెనక్కి తెచ్చుకున్నాడు. ఇచ్చేటప్పుడు ఠాణా అమీన్ సాబు ఒకటే చెప్పాడట: "మాస్టర్ సాబ్, ఒక్క ఫిర్యాదొచ్చిందంటే మళ్లీ దీని మొఖం చూడరు." అప్పట్నుంచి రైఫిలు గోడ దిగలేదు.

దాన్ని దింపించినవాడు మాకు పాలు పోసే ఆయన. ఇప్పుడు సైనిక్‌పురి అంటున్నారే, ఆ దిక్కున ఆయనకు పల్లిచేను ఉండేది. ఒకరోజు చెంబులో పాలు పోస్తూ, "మాస్టరు సాబ్, నక్కలు పల్లికాయలన్ని తవ్వి ఆగం జేస్తున్నయి. జెర తుపాకి తీస్కొని రారాదుండ్రి?" అన్నాడు. బాబాయి మొహం పెళ్లికొడుకు మొహంలా వెలిగింది. పిన్నికి మాత్రం అనుమానం. "నక్కలు తిరిగేది పొద్దుగూకాక గదా, మీరు అన్నం తిన్న చేత్తోనే బయల్దేరతారేంటి? ఆ దారిలో కల్లు దుకాణం ఉంది. తిరిగొచ్చాక ఇద్దరూ నా ముందు నోరు తెరిచి చూపించాలి" అంది. నన్ను వెంట తీసుకెళ్లడానికి కారణం వేరే ఉంది. బాబాయికి ఇంగ్లీషు, తెలుగు తప్ప మూడో భాష రాదు. దారిలో ఎవరైనా ఆపితే మాట్లాడటానికి ఉర్దూ వచ్చినవాడు కావాలి. ఆ వచ్చినవాణ్ణి నేను.

నా ఉర్దూ గురించి రెండు మాటలు చెప్పాలి. తెలుగు మాటకు ముందూ చివరా దీర్ఘం తీస్తే సగం ఉర్దూ వచ్చేసినట్టేనని నా సిద్ధాంతం. మోండా మార్కెట్లో 'కుండ'ను 'కూండా' అని అడిగి కొనుక్కొచ్చినప్పుడు అది రుజువైపోయిందని కూడా అనుకున్నాను. (ఆ అమ్మిన ఆయనది మన నెల్లూరేనని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.)

చేను గట్టు మీద గోనెసంచిలో ఇసక నింపి, దాని మీద రైఫిలు ఆనించి, బాబాయి బోర్లా పడుకున్నాడు. నక్కలు వచ్చే దారి ఫర్లాంగు పైన అవతల ఉంది. గుప్పెడు దుమ్ము గాల్లోకి వదిలి, గాలి ఎటు పోతోందో చూసుకుని, కళ్లు మూసి చిన్న ప్రార్థన చేసుకున్నాడు. పాలాయన అటూ ఇటూ చూశాడు. "గింత దూరంకెల్లి కొడ్తరా?" అన్నాడు.

"దగ్గరికెళ్తే వాసన పట్టేస్తది. దానికున్నంత అనుమానం మా ఇంట్లో ఆవిడక్కూడా లేదు" అన్నాడు బాబాయి, దుర్బిన్‌లోంచి కన్ను తీయకుండానే.

పాలాయన నా పక్కకు జరిగి గొంతు తగ్గించాడు. "కోపం జెయ్యకుండ్రి సారూ. మీరు సంగపోల్లు గిట్ల కాదు గద? నక్క పేరు జెప్పి ఇంకేమన్న..." నేను కాదని ఒట్టు పెట్టాను. ఒట్టు పెట్టేసరికి ఆయన అనుమానం ఇంకా పెరిగింది.

మేం చూసుకోనిది ఒకటుంది. ఆ నక్కల దారికి ఎంతో అవతల, రోడ్డు మీద, మిలిటరీవాళ్లు కొత్తగా నాకా పెట్టారు. వచ్చేపోయే బళ్లను ఆపి సోదా చేసే చోటది. బాబాయి దుర్బిన్ అద్దం పడమటెండకు తళుక్కుమని వాళ్ల కళ్లలో కొట్టిందట. మేం నక్క కోసం ముందుకు చూస్తుంటే వెనక నుంచి "హాత్ ఊపర్!" అని వినపడింది. తిరిగి చూస్తే తుపాకులతో ముగ్గురు సిపాయిలు, వాళ్ల ముందు గుబురు మీసాల హవల్దారు. పాలాయన లేడు. పక్క జొన్నచేలో కంకులు మాత్రం ఊగుతున్నాయి.

హవల్దారు రైఫిలు లాక్కున్నాడు. బాబాయి చేతులెత్తి, ఇంగ్లీషులో లైసెన్సు సంగతి మొదలుపెట్టాడు. అది విని ఆ సిపాయిల అనుమానం రెట్టింపైంది. "ఒరేయ్, చెప్పరా, నువ్వు చెప్పు, దాన్ని తీసుకుపోతారురా" అన్నాడు బాబాయి. ఆయన కళ్లలో నీళ్లు చూశాక నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. ఛాతీ విరిచి, 'నక్క'కు రెండు వైపులా దీర్ఘం తీసి, స్పష్టంగా చెప్పాను: "సాబ్! హమ్ నాకా మార్నే కో ఆయే!"

మేం మీ నాకాను కొట్టడానికి వచ్చామని, అప్పటిదాకా వాళ్ల మీదికే గురిపెట్టి ఉన్న రైఫిలు ఎదుట నిలబడి, నా నోటితో నేనే చెప్పానన్నమాట. సిపాయిలు తుపాకులు ఎక్కుపెట్టారు. "నాకా?" అని గర్జించాడు హవల్దారు. అర్థమైందని సంతోషించి, "జీ! రోజ్ మార్నా! సబ్ నాకా ఖతం!" అన్నాను.

ఒకడు తాడు తీశాడు. అప్పటికి నాకూ ఎక్కడో తేడా పడిందని తెలిసింది. మాటలతో లాభం లేదని, నాలుగు కాళ్ల మీద వంగి, మెడ ఎత్తి, "ఊఊఊ..." అని ఊళ వేశాను. మళ్లీ వేశాను. ఈసారి జొన్నచేలోంచి జవాబొచ్చింది. వెంటనే అవతలి గట్టు మీద ఒకటి, దాని వెనక మరొకటి, చివరికి చేల చుట్టూ ఊళలే ఊళలు.

హవల్దారు మీసం కదిలింది. "అరే, గీదడ్!" అన్నాడు. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. వాళ్ల ఊళ్లో చెరకంతా గీదడ్లే నాశనం చేస్తాయని చేతులు తిప్పుతూ ఏదో చెప్పి, లైసెన్సు చూసి, రైఫిలు బాబాయి చేతుల్లో పెట్టాడు. బాబాయి దాన్ని పసిబిడ్డలా గుండెకు హత్తుకుని, ఇల్లు చేరేదాకా దానితోనే కబుర్లు చెప్పాడు. పిన్ని మా నోళ్లు వాసన చూసి, కల్లు లేదని తేలాక ఇంకా ఎక్కువ అనుమానపడింది.

మర్నాడు పాలాయన వచ్చి, "నక్కను గీదడ్ అనాలె సారూ" అని నాకు పాఠం చెప్పాడు. నువ్వప్పుడు ఎక్కడున్నావయ్యా అంటే, "జొన్నల నక్కి ఉన్న. మొదాలు కూసింది నేనే గద!" అన్నాడు. బాబాయి ఒప్పుకోలేదు. అది నిజం నక్కేనని, అందులోనూ ఆడనక్కని పోయేదాకా వాదించాడు. నాకు ఇద్దరి మీదా అనుమానమే.

ఇప్పుడు నేను ఆ చేల మీదే కట్టిన ఇంట్లో ఉంటున్నాను. మొన్న సాయంత్రం డాబా మీద ఎవరూ లేరని చూసుకుని, మెడ ఎత్తి మెల్లగా ఒక ఊళ వేశాను. పక్కింటి వాచ్‌మన్ టార్చి వేసి, "ఎవలది?" అన్నాడు. నేను గబుక్కున పిట్టగోడ కింద నక్కాను. గీదడ్ అని జవాబు చెప్పొచ్చు; ఆ మాట నాకిప్పుడు ఎంత చక్కగా వచ్చో! ఇప్పుడు లేని ఆ జొన్నచేలోంచి జవాబు వస్తుందేమోనని అక్కడే చాలాసేపు కూర్చున్నాను. అది నక్కదైనా సరే, పాలాయనదైనా సరే.