పాతది తియ్

మా అన్నకు వికారాబాద్‌లో పెళ్లిపత్రికలు టైపు చేసే కొట్టు ఉండేది. కొట్టు మూతపడినా ఆయన వేళ్లు ఆ పాత తెలుగు సాఫ్ట్‌వేర్‌ను వదల్లేదు. కొత్త విండోస్‌లో అది నడవదు. అందుకని తాండూరులో మా ఇంటి కంప్యూటర్ లోపలే పాత విండోస్‌తో ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ తయారుచేసి ఇచ్చాను. దాన్ని వర్చువల్ మెషీన్ అంటారు. ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక రైలెక్కి వచ్చి, బంట్వారంలో మా మేనత్త కందిచేలో పాడిన పాటలు, కాగితాల మీద రాసుకున్నవి, అందులో కొట్టేవాడు. టైపు అయిన కాగితాన్ని అయినట్టే చించేసేవాడు, కొట్టు నాటి అలవాటు. అత్త పోయింది. ఆ పాటలు ఇక ఆ మెషీన్‌లో తప్ప ఎక్కడా లేవు.

అన్న మంచివాడే, నోరే మంచిది కాదు. టీచరునై ఉండి తెలుగులో నాలుగు లైన్లు కొట్టడం రాదని నా భార్య ముందు, కూతురి ముందు వారం వారం ఎత్తిపొడిచేవాడు. నేను నవ్వేవాణ్ణి. లోపల కడుపు మండేది.

ఆ ఆదివారం పొద్దున వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాను. పాత మెషీన్ తెరుచుకుంటోంది గానీ మౌస్ మొరాయిస్తోంది. దాని పక్కన అలాంటిదే కొత్త మెషీన్ ఒకటి పెట్టి, మౌస్ లాంటివి పనిచేయడానికి కావలసిన డ్రైవర్లన్నీ ఎక్కించేసరికి మధ్యాహ్నమైంది. పాటలు ఇంకా ఇటు తేలేదు. అన్న వచ్చి, కుర్చీ లాక్కుని కొత్త తెర చూశాడు. ఇంతసేపు చేసి నా బుర్రలాగే ఖాళీగా పెట్టానన్నాడు. నా కూతురు పకపకా నవ్వింది.

"పాతది తియ్ తమ్మీ," అన్నాడు.

తలుపు తియ్ అన్నా, మేకు తియ్ అన్నా మాకు ఒకటే మాట. పాత మెషీన్ పేరు మీద నొక్కి, తొలగించమన్నాను. ఫైళ్లతో సహా చెరిపేయాలా అని అడిగింది. ఆ చిన్న అక్షరాలు అన్నకు ఆనవు. ఔనని నొక్కాను.

జాబితాలోంచి పేరు పోయింది. అన్న కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ వెతికాడు. తియ్యమన్నావుగా, తీసేశానని చెప్పాను. కీబోర్డును నా వైపు జరిపాడు.

"నాదే తప్పు తమ్మీ. సక్కగ చెప్పకపోతి."

ఇంట్లో అందరూ తప్పంతా 'తియ్' అన్న ఆ మాట మీదికి తోశారు. అన్న ఇప్పుడు ఆదివారాలు రావడం లేదు. నేను వికారాబాద్ వెళితే టీ తెప్పించి, మా తమ్ముడు బాగా చదువుకున్నవాడని పక్కవాళ్లకు చెబుతాడు. ఒక్క ఎత్తిపొడుపు లేదు. ఆయన తెరవమన్నాడని నాకు అప్పుడే తెలుసు. నొక్కుతుంటే హాయిగా కూడా అనిపించింది.