మోకాళ్ల కింది తివాచీ

జపమాల చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ నా మోకాళ్ల కింద ఒక దొంగతనం ఉంటుంది. ఇన్నేళ్లుగా దాని మీదే మోకరించి, దాని గురించి తప్ప అన్నిటి గురించీ దేవుడికి చెప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది కొల్లేటి పల్లె. ఏలూరులో సిస్టర్ల బడిలో మూడో తరగతి టీచర్ని. కొల్లేట్లో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది, మా హెడ్ మిస్ట్రెస్ సిస్టర్ గారు వారానికో పీరియడ్ ఇతర మతాల గురించి చెప్పమన్నారు. హిందువుల గురించి నేను చెప్పేదేముంది? సగం క్లాసు ద్వారకా తిరుమలలో గుండు చేయించుకున్నవాళ్లే. నన్ను కూర్చోబెట్టి వాళ్లే చెప్పారు. ఇస్లాం దగ్గరికి వచ్చేసరికి పుస్తకంలోని నాలుగు ముక్కలు తప్ప నాకేమీ తెలియదు. అప్పుడు మా క్లాసులోని నసీమా లేచి, నమాజు తను చేసి చూపిస్తానంది.

మర్నాడు చిన్న తివాచీ తెచ్చింది. దాదీ అని పిలిచే వాళ్ల నానమ్మ మగ్గం మీద నేసి, ఏళ్ల తరబడి నమాజు చేసుకున్న తివాచీ. మోకాళ్లు ఆనేచోట ఉన్ని అరిగి రెండు గుంటలు పడ్డాయి. నసీమా కాళ్లూ చేతులూ కడుక్కొచ్చి, చున్నీ తలకు చుట్టుకుని, సూర్యుడు దిగే వైపు దాన్ని పరిచింది. ఎవరూ చెప్పకుండానే పిల్లలంతా బూట్లు విప్పేశారు. ఎనిమిదేళ్ల పిల్ల నుదురు తివాచీకి ఆనించింది. ఎవరో వచ్చి గదిలో నిలబడ్డట్టు నాకు ఒళ్లు జలదరించింది. పుట్టినప్పటి నుంచీ చర్చిలో పూజకు వెళ్తున్నదాన్ని, దేవుడు అంత దగ్గరగా ఎప్పుడూ తెలియలేదు. భయమేసింది. ఆనందమూ కలిగింది. అసూయ కూడానా? అదీ ఉంది.

ఆ సాయంత్రం వాన. తడుస్తుందని నసీమా తివాచీని క్లాసు బీరువాలో పెట్టి వెళ్లింది. నేను దాన్ని సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. ఒక్కసారి దాని మీద జపమాల చెప్పుకుని, పొద్దున్నే పెట్టేద్దామనే అనుకున్నాను. మోకరించాను. నా మోకాళ్లు సరిగ్గా ఆ గుంటల్లోనే పడ్డాయి. క్లాసులో తెలిసిన ఆ దగ్గరితనం మళ్లీ వచ్చింది. పొద్దున తిరిగివ్వబుద్ధి కాలేదు.

కనబడలేదని నసీమాతో చెప్పాను. ఆ పిల్ల మొహం పాలిపోయింది. దాదీకి చూపు ఆనదు, ఇంకొకటి నేసే ఓపిక లేదు. ఆ సంగతి నాకు తెలుసు.

రెండ్రోజులాగి నసీమా నా బల్ల దగ్గరికి వచ్చింది. నన్ను ఓదార్చడానికి!

"ఇంక వెతకొద్దండీ టీచర్ గారూ. ఎవరు తీసుకున్నా పర్లేదంటండీ, దాదీ చెప్పింది. వాళ్లు దానిమీద దేవుణ్ణి తలుచుకుంటే చాలంట. అందులో తనకీ పుణ్యం వస్తుందంటండీ."

"అలాగా అమ్మా," అన్నాను. అంతే అన్నాను.

ప్రతి నెలా ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, పాపసంకీర్తనానికి వెళ్లాను. కోపం గురించి చెప్పాను, చాడీల గురించి చెప్పాను, ఎగ్గొట్టిన ఆదివారం పూజ చెప్పాను. ఇది చెప్పలేదు. శిక్షకు భయపడ్డానా? కాదు. ఫాదర్ గారు తిరిగిచ్చెయ్యమంటారని భయపడ్డాను. దొంగిలించినదాని మీద మోకరిస్తే దేవుడు రావడం మానెయ్యాలి కదా? మానలేదు. అదే నాకు ఇప్పటికీ అంతుబట్టదు. ఆ ముసలావిడ నా కోసం దేవుణ్ణి ముందే అడిగిపెట్టిందా?

తర్వాత నసీమా వాళ్లు ఊరు మారిపోయారు. వెతికితే దొరికేవాళ్లే. వెతకలేదు.

ఇవాళ పొద్దున తివాచీ మడిచి పక్కన పెట్టి, ఉత్త గచ్చు మీద మోకరించాను. మోకాళ్లు నొప్పి పుట్టాయి. దేవుడొచ్చాడో లేదో తెలియలేదు. "నసీమా, నేనే తీశానమ్మా," అని పైకే అన్నాను. ఆ మాట నా గొంతులో వినడం నాకిదే మొదలు.