మిల్లులో ఎవరూ అరవకూడదు

కలప కోత మిల్లులో మేస్త్రి చెయ్యి పడని చెంప లేదు. దుంగలు దొర్లించేవాళ్ళు, పలకలు పేర్చేవాళ్ళు, లారీ డ్రైవర్లు, ఆఖరికి ఓనరు బావమరిది కూడా ఆ దెబ్బ రుచి చూసినవాడే. పోనీ చెడ్డవాడా అంటే, తన్నులు తిన్నవాళ్ళే కాదంటారు. ఓపిగ్గా పని నేర్పుతాడు. ఎవరికైనా జబ్బు చేస్తే ఇంటికి వెళ్ళి చూసి, "ఎన్నాళ్ళు పడుకుంటావురా, లే" అని తిట్టి మరీ వస్తాడు. ఏడుపు ఒక్కటే అతనికి గిట్టదు. ఎదుటివాడి కళ్ళలో నీళ్ళు కనబడ్డాయంటే ఇక ఒళ్ళు తెలియదు. మగాళ్ళు ఏడిస్తేనే కాదు, ఆడవాళ్ళు ఏడ్చినా, చంటిపిల్లలు ఏడ్చినా అతనికి ఒకటే మంట.

ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. వయసులో ఉండగా ఒకరోజు రంపం మీద దుంగ తోస్తున్నాడు. వెనక ఎవడి పాదం మీదో మొద్దు పడి వాడు గావుకేక పెట్టాడు. మిషను ఎంత మోత మోగినా మనిషి కేక చెవిలో దిగబడుతుంది కదా, ఇతను తల తిప్పాడు. ఎడమచేతి వేళ్ళు రెండు తెగి రంపపు పొట్టులో పడ్డాయి. ఇతను నోరు మెదపలేదు. మెడలో తువ్వాలు తీసి చేతికి చుట్టుకుని, అప్పటి మేస్త్రి దగ్గరికి నడిచి వెళ్ళి భుజం తట్టాడు. అప్పటి మేస్త్రి అతని కన్నతండ్రే. ఆ పెద్దమనిషి మిషను ఆపి, నెత్తురు కారుతున్న తువ్వాలు చూసి, "మగాడివిరా" అన్నాడు. తర్వాత, పాదం చితికి పడి ఉన్నవాడి మీదికి వెళ్ళి, నీ కేక వల్లే నా కొడుకు వేళ్ళు పోయాయంటూ చెక్కముక్క తీసుకుని వాయగొట్టాడు. వాడు పాక్కుంటూ గేటు దాటాడు. కొడుక్కి మాత్రం, పుట్టి బుద్ధెరిగాక తండ్రి నోట దొరికిన మెప్పు అదొక్కటే. రెండు వేళ్ళకు గిట్టుబాటు బేరమే అనుకున్నాడు, వెర్రిబాగులవాడు.

తండ్రి పోయి తను మేస్త్రి అయ్యాక మిల్లుకి రూలు పెట్టాడు. దెబ్బ తగిలితే అరవకూడదు, ఏడవకూడదు. రంపం మీద ఉన్నవాడి దగ్గరికి నడిచి వచ్చి భుజం తట్టాలి, అతను మిషను ఆపుతాడు. రంపం మీద ఉన్నవాడు కూడా, వెనకాల మిన్ను విరిగి పడ్డా సరే, మొదలుపెట్టిన కోత అయ్యేదాకా తల తిప్పకూడదు. న్యాయంగా చెప్పాలంటే అదేం తిక్క రూలు కాదు. ఆ రూలు వచ్చాక మిల్లులో ఎవరి వేలూ పోలేదు. చిక్కల్లా ఎక్కడంటే, అతను దాన్ని మిల్లులో వదిలిపెట్టకుండా, టిఫిన్ క్యారియరుతో పాటు రోజూ ఇంటికి మోసుకుపోయాడు.

ఇంట్లో భార్య, తల్లి, తమ్ముడు. తమ్ముడంటే కొడుకంత చిన్నవాడు, అందుకే ఇంటా బయటా అందరికీ వాడు చిన్నోడే. వాడి కళ్ళకి కుళాయి బిగించడం మరిచిపోయినట్టుంది. పిల్లి చచ్చిపోతే ఏడుపు, ఆటలో ఓడితే ఏడుపు, పక్కింటివాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతుంటే ఏడుపు. వాడు ఏడ్చినప్పుడల్లా వీపు మోగేది. వీపు మోగింది కదా అని మళ్ళీ ఏడిచేవాడు. దానికి ఇంకో నాలుగు.

తల్లి పోయిన రోజు సంగతి ఆ వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ముందుగదిలో శవం ఉంది, చుట్టాలు చుట్టూ కూర్చున్నారు. చిన్నోడు తల్లి కాళ్ళ మీద పడి, "అమ్మా, లేవే" అని గుక్కపట్టి ఏడుస్తున్నాడు. మేస్త్రి లేచి, వాడి చొక్కా పట్టుకుని, అంతమంది చూస్తుండగా పెరట్లోకి ఈడ్చుకుపోయాడు.

"ఏడిస్తే అమ్మ లేస్తుందా? చెప్పు! లేస్తుందంటే చెప్పరా, నేనూ కూర్చుని ఏడుస్తా!"

మాటకో దెబ్బ. పిల్లాడి ముక్కులోంచి నెత్తురు బొటబొటా కారింది. మేస్త్రి భార్య పరిగెత్తుకొచ్చి మధ్యలో పడితే ఆవిడ చెంప కూడా పేలింది. ఆవిడ తగ్గలేదు.

"పసివాడు తల్లి కోసం ఏడవక ఇంకెవరి కోసం ఏడుస్తాడు? నువ్వసలు మనిషివేనా? నీ గుండెని కూడా ఆ రంపం మీదే కోసేశారా?"

"వీడు రేపు బతకాలే! నలుగురిలో పడాలి. ఏడిచేవాడిని లోకం తొక్కేస్తుంది," అన్నాడు మేస్త్రి. అన్నవాడి గొంతు వణికింది. వణికినందుకు తన మీద తనకే కోపం వచ్చి, పిల్లాడికి ఇంకోటి తగిలించాడు. తమ్ముడంటే అతనికి ప్రాణం. ఆ ప్రాణాన్ని ఎలా పట్టుకోవాలో చేతకాలేదు, అదీ అసలు సంగతి.

ఆ రోజు నుంచి చిన్నోడు ఏడవడం మానుకున్నాడు. పెదవి కొరికి మింగడం నేర్చాడు. మీసం వచ్చేసరికి అన్నను మించిపోయాడు. ఎవడైనా తుమ్మితే చాలు తగువు, తగువైతే కొట్లాట. ఒకసారి లారీ క్లీనరు ఒకడు తల్లిని తిట్టాడని వాడి ముందుపళ్ళు రాలగొట్టాడు. తన కనుబొమ చీలి కుట్లు పడుతుంటే మత్తుసూది వద్దన్నాడు. మిల్లులో పనికి కుదిరిన కొత్తలో పలక జారి కాలిగోరు లేచిపోతే, కుంటుకుంటూ వచ్చి అన్న భుజం తట్టాడు. మేస్త్రి ఏమీ అనలేదు గానీ, ఆ పూటంతా పనివాళ్ళ ముందు ఛాతీ విరుచుకుని తిరిగాడు. ఇంటికి వెళ్ళి భార్యతో, "చూశావా నా తమ్ముడు?" అన్నాడు.

"చూస్తూనే ఉన్నా," అంది ఆవిడ. "వాడు నవ్వి కూడా చాలా కాలమైంది. అది చూశావా నువ్వు?"

మేస్త్రి ఆ మాట చెవిన వేసుకోలేదు.

ఒకరోజు మిల్లులో పని ముంచుకొచ్చింది. సందు లేకుండా దుంగలు వచ్చి పడుతున్నాయి. రంపం మీద మేస్త్రి, అతని వెనకే, మోటారు బెల్టు పక్కన చిన్నోడు. బెల్టు మీది జాలీ మూత ఎప్పుడో ఊడిపోయింది. ఓనరు ఇవాళ బిగిస్తా, రేపు బిగిస్తా అంటూనే ఉన్నాడు. చెక్కపేళ్ళు బెల్టు కింద ఇరుక్కుంటే చిన్నోడు వంగి లాగాడు. చొక్కా చేతిని బెల్టు అందుకుంది.

రెప్పపాటులో కుడిచెయ్యి చక్రానికీ బెల్టుకీ మధ్యకి పోయింది. ముందు వేళ్ళు, తర్వాత మణికట్టు. ఎముకలు ఎండుపుల్లల్లా విరిగాయి. ఆ చప్పుడు రంపం మోతలో కలిసిపోయింది. నెత్తురు చిమ్మి గోడ మీదా, పొట్టు మీదా పడింది. చిన్నోడు అరవలేదు. పళ్ళు పెదవిలో దిగి గడ్డం ఎర్రగా తడిసింది. నడిచి వెళ్ళడానికి లేదు, మిషను పట్టుకునే ఉంది. అందుకని ఎడమచెయ్యి చాచాడు. అన్న భుజం ఎదురుగానే ఉంది. జానెడు దూరంలో ఆగిపోయింది చెయ్యి. మళ్ళీ చాచాడు. ఇరుక్కున్న చెయ్యి అటు చీలుతున్నా ఇటు ఒళ్ళంతా సాగదీసి చాచాడు. అందలేదు.

పొట్టు ఎత్తే ముసలమ్మ గంపతో వెనక గుమ్మంలోంచి వచ్చింది. చూసింది. గంప వదిలేసి, మిల్లు అదిరేలా కేక వేసింది.

మేస్త్రికి ఆ కేక వినబడింది. వెన్ను బిగుసుకుంది, దవడ బిగుసుకుంది, తల మాత్రం తిరగలేదు. దుంగ సగంలో ఉంది. తన రూలు తను తప్పుతాడా? రెండు చేతులతో అదిమి, చివరిదాకా తోసి, పలక విడిపోయాకే ఇటు తిరగబోయాడు. ఈలోపు మిషను ఆగింది. స్విచ్చు దగ్గర ముసలమ్మ నిలబడి ఉంది.

"ఎవత్తివే మిషను ఆపడానికి? నా మిల్లులో అరుస్తావా?"

లాగి కొట్టాడు. ముసలమ్మ గోడకి తగిలి జారిపోయింది. నోట్లోంచి నెత్తురు ఉమ్మింది.

"కొట్టరా, ఇంకా కొట్టు," అంది. "కొట్టాక నీ వెనక్కి చూసుకో."

చూశాడు.

చిన్నోడు చక్రానికి వేలాడుతున్నాడు. మోచేతి దాకా చెయ్యి కనబడటం లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, చుక్క నీరు లేదు వాటిలో. ఎడమచెయ్యి ఇంకా చాచే ఉంది.

నలుగురు పట్టి చక్రాన్ని వెనక్కి తిప్పారు. లారీలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తారు. దారి పొడుగునా తమ్ముడి తల మేస్త్రి ఒళ్ళోనే ఉంది. ముసలమ్మ కూడా ఎక్కింది, వద్దన్నా దిగలేదు.

"నీ భుజం కోసమేరా అలా సాగదీశాడు," అంది వాచిన చెంపతో. "నేను కళ్ళారా చూశా. పక్కనే ఉన్నావు కదరా, ఒక్క అరుపు అరిస్తే పోయేది. చావనైనా చస్తాడు గానీ అరవడు. ఏం పెంపకం రా ఇది?"

మేస్త్రి తువ్వాలు తీసి తమ్ముడి గడ్డం మీది నెత్తురు తుడిచాడు.

డాక్టరు బయటికి వచ్చి, భుజానికి కాస్త కింద దాకా తీసేశామన్నాడు. బతుకుతాడన్నాడు. "మిషను కాస్త ముందు ఆపి ఉంటే మోచెయ్యి దక్కేది," అని కూడా అన్నాడు. పాపం ఆయనకేం తెలుసు, ఎవరితో ఏం అంటున్నాడో. మేస్త్రి భార్య వరండాలో కూలబడి మొగుణ్ణి, మిల్లుని, ఆ మిల్లు పెట్టినవాడి ఏడు తరాలని కలిపి శాపనార్థాలు పెడుతూ ఏడ్చింది. మేస్త్రి ఆవిణ్ణి ఊరుకోమనలేదు. జన్మలో మొదటిసారి.

చిన్నోడికి తెలివొచ్చేసరికి వార్డు నిండా జనం. మేస్త్రి మంచం పక్కన నిలబడ్డాడు.

"నొప్పిగా ఉందా?"

"ఏం లేదు."

"అరవాల్సిందిరా చిన్నోడా. ఒక్క కేక వెయ్యాల్సింది."

చిన్నోడు అన్న వంక వింతగా చూశాడు.

"నువ్వు రంపం మీద ఉన్నావు కదా. కేక విని తిరిగితే? నీకు ఉన్నవే ఎనిమిది వేళ్ళు. అవీ పోతే రోజూ వదిన నీకు ముద్దలు కలిపి పెట్టాలి."

పరాచికానికే అన్నాడు. చిరునవ్వు లాంటిది కూడా ఏదో పెదవి మీదికి వచ్చింది. అన్న వేళ్ళు కాపాడటానికి తన చెయ్యి మిషనుకి ఇచ్చుకున్నాడు, అంతే. ఆ చెప్పడం కూడా, గొడుగు మరిచిపోయి వచ్చానన్నంత తేలిగ్గా చెప్పాడు.

మేస్త్రి లోపల ఏదో పుటుక్కున తెగింది. ముందు గొంతులోంచి గురక లాంటిది వచ్చింది. తర్వాత ఏడుపు. ఇన్నేళ్ళుగా అలవాటు లేని ఏడుపు, ఎలా ఏడవాలో తెలియని ఏడుపు. చీమిడి, ఎక్కిళ్ళు, పశువు అరిచినట్టు అరుపు. వార్డంతా తలలు తిప్పి చూసింది. నర్సు పరిగెత్తుకొచ్చింది.

"అన్నా, ఏంటిది? ఊరుకో. అందరూ చూస్తున్నారు."

"నువ్వు కూడా ఏడువురా! ఒక్కసారి ఏడు. చెయ్యి పోయింది కదరా, ఏడవ్వేం? నీ కాళ్ళు పట్టుకుంటా, ఏడు నాయనా!"

నిజంగానే కాళ్ళు పట్టుకున్నాడు. దుప్పటి మీద మొహం పెట్టి బావురుమన్నాడు. చిన్నోడి మొహం సిగ్గుతో నల్లబడింది. పక్క మంచం మీది మనిషి వంక చూశాడు, తలుపు దగ్గర మూగిన జనం వంక చూశాడు. దవడ బిగుసుకుంది. మిగిలిన చేత్తో అన్న జుట్టు పట్టి తల పైకి లేపాడు.

"నోరు ముయ్," అన్నాడు.

మేస్త్రి ముయ్యలేదు. ముయ్యడం చేతకాలేదు.

చిన్నోడు జుట్టు వదిలి లాగి కొట్టాడు. చేతికున్న సెలైన్ సూది ఊడి, మంచం మీదంతా నెత్తురు చింది పడింది. నర్సు కెవ్వుమంది. మేస్త్రి భార్య, "ఒరే వద్దురా" అంటూ గుమ్మంలోంచి పరిగెత్తుకొస్తోంది.

మేస్త్రి చెంప తిప్పుకోలేదు. ఇంకా గట్టిగా, నోరంతా తెరిచి ఏడుస్తూనే ఉన్నాడు. తమ్ముడు మళ్ళీ చెయ్యి ఎత్తాడు.