క్యాన్‌లో కాపురాలు

మా అమ్మమ్మ పద్దెనిమిదేళ్లుగా మంచినీళ్ల ప్లాంటులో ఇరవై లీటర్ల క్యాన్లు కడుగుతోంది. చదువు సున్నా. అయినా చదువుకున్నవాళ్లు బాక్టీరియా అనేవాటితో ఆవిడకు ఎప్పటినుంచో మాటలున్నాయి.

కడిగే గదిలో గోడ పొడవునా ఖాళీ క్యాన్లు పేర్చి ఉంటాయి. పొద్దుటెండ వాటిలోంచి వడగట్టుకుని వచ్చేసరికి నేల, బకెట్లు, అమ్మమ్మ నెరిసిన జుట్టు అన్నీ నీలంగా మారిపోతాయి. ఆ వెలుగులో ఆవిడ నీటి అడుగున నడుస్తున్నట్టు నెమ్మదిగా కదులుతుంది. కారణం మోకాళ్ల నొప్పే అనుకోండి. నాకు మాత్రం ఈదుతున్నట్టే ఉంటుంది.

క్యాన్ మూతిలోంచి వేళ్లు దూర్చి లోపలి గోడను రాస్తుంది. కిచకిచమంటే శుభ్రం. జారిందా, జిగురు పట్టినట్టే.

"పైకి అద్దంలా ఉన్నా లోపల వీధులు వేసుకుని కూర్చున్నారే!" అని మూతికి నోరు దగ్గర పెట్టి, "ఖాళీ చెయ్యండమ్మా, పిల్లాపాపలతో సహా" అంటుంది. ఆ తర్వాతే బ్రష్షు, వేణ్నీళ్లు.

ఈమధ్య యజమాని కడిగే యంత్రం తెచ్చాడు.

"ఇక ఇంటిపట్టున ఉండు పెద్దమ్మా. ఇది నిమిషానికి మూడు కడుగుతుంది."

"కడగదు నాయనా, తడుపుతుంది. వేలు పెట్టి చూడు."

"నీ వేలు గొప్పా, నా యంత్రం గొప్పా? తేల్చేద్దాం!"

అన్నట్టే నీళ్ల పరీక్షలు చేసే ఆవిణ్ణి పిలిపించాడు. ఆవిడ యంత్రం కడిగిన క్యాన్ ఒకటి, అమ్మమ్మ కడిగినది ఒకటి ఎంచి, లోపల పొడవాటి దూదిపుల్ల తిప్పి, మూతలున్న రెండు గాజుపళ్లేల్లో రాసుకుని వెళ్లింది. ఫలితం మూడో రోజుకి. యంత్రం గెలిస్తే అమ్మమ్మ పని పోయినట్టే.

ఆ రెండు రోజులూ అమ్మమ్మ కిటికీ దగ్గర కూర్చుని గాల్లో వేళ్లు తిప్పుతూనే ఉంది.

"ఏంటే ముసలీ, మబ్బులు తోముతున్నావా?" అన్నాను.

"అడుగున మూల తోమానో లేదో గుర్తు రావట్లేదే" అంది.

మూడో రోజు పళ్లేలు వచ్చాయి. యంత్రం పళ్లెం నిండా బాక్టీరియా పెరిగిన తెల్లటి చుక్కలు, కొండెక్కి చూస్తే కనపడే ఊరి దీపాల్లా. అమ్మమ్మ పళ్లెంలో నాలుగే.

యజమాని గొంతు సవరించుకున్నాడు. "రేపట్నుంచి యంత్రం తర్వాత నువ్వూ ఓ చెయ్యి వెయ్యి పెద్దమ్మా."

నేను గంతేశాను. అమ్మమ్మ విననే లేదు. పళ్లెం మూత తీయబోతే పరీక్షలావిడ చెయ్యి పట్టుకుని ఆపింది. అప్పుడు ముక్కు గాజుకి ఆనేంతగా వంగి, "నా చేతికి దొరక్కుండా ఎక్కడ దాక్కున్నారర్రా?" అని ఆ నాలుగు చుక్కలనీ అడిగింది. జవాబు చెబుతాయన్నట్టు గాజుకి చెవి ఆనించింది.