ఆట మొదలయ్యే ముందు అత్త

మొన్న మంగళవారం పొద్దున్న బావ ఫోన్ చేసి, "అమ్మ ఎల్లిపోయిందే" అన్నాడు. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడిపోయాను. మా మేనత్త పోయింది. గవరపాలెంలో వాళ్ళింటికి చుట్టాలూ, ఇరుగుపొరుగులూ, మావయ్యతో బెల్లం వ్యాపారం చేసేవాళ్ళూ వచ్చారు. వచ్చినవాళ్ళందరూ ఆవిడ చేతివంట గురించే చెప్పుకున్నారు. నిజమే, బాగా వండేది. కానీ కంప్యూటర్ ఆటల మీద ఆవిడకున్న అభిప్రాయాల సంగతి ఒక్కరైనా ఎత్తితే ఒట్టు. నాకు ఒళ్ళు మండింది. అందుకే ఇది రాస్తున్నాను.

బావ ఇంజనీరింగ్ చదువుకి విశాఖపట్నం వెళ్తూ తన పాత కంప్యూటర్ ఇంట్లో వదిలేశాడు. మావయ్య మార్కెట్‌కి వెళ్ళాక, మధ్యాహ్నాలు అత్త దాని ముందు కూర్చునేది. ఆడేది ఒక్కటే, కార్ల పందెం. ఆ ఆట తెరవగానే మొదలయ్యేది కాదు. ముందు ఒక చిన్న విండో వచ్చేది. బొమ్మ ఎంత పెద్దగా ఉండాలి, చప్పుడు ఎంత ఉండాలి, ఏ మీట నొక్కితే ఏం జరగాలి, అన్నీ అడిగేది. మేమందరం చూడకుండానే 'ప్లే' నొక్కేసేవాళ్ళం. అత్త మాత్రం కళ్ళజోడు సవరించుకుని ప్రతి గడీ చదివేది.

"ఇది మర్యాద తెలిసిన ఆట కోడలా. కూసోబెట్టి, ఏటి కావాలని అడిగి, అప్పుడు వడ్డిత్తాది" అనేది.

ఆ విండో అడుగున 'ఇది మళ్ళీ చూపించవద్దు' అని ఒక గడి ఉండేది. దాన్ని మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. "ఇయాల నేను కూసున్నాను. రేపు ఇంకోళ్ళు కూసుంటారు. మళ్ళీ అడక్కు అంటే ఎలాగే?" అని కసిరేది.

తర్వాత్తర్వాత లాంచర్లు వచ్చాయి. ఆట తెరిస్తే ముందు ఇంకేదో తెరుచుకోవడం, అందులో ప్రకటనలు, పేరు, పాస్‌వర్డ్, పైగా నెట్ ఉండాలట. బావ ముచ్చటపడి తెచ్చిన కొత్త ఆటని అత్త రెండో రోజే తీసేయించింది. "ఓలమ్మో, మనింట్లో మనం ఆడుకోడానికి గుమ్మంలో రేషన్ కార్డు సూపించాలేటి? అడగడం ఏరు, ఆరా తియ్యడం ఏరు!"

నాకు ఇదంతా నవ్వులాటగా ఉండేది, నా చెయ్యి పోయేదాకా. డిగ్రీ ఆఖరి ఏడాదిలో కశింకోట దగ్గర స్కూటీ జారి పడ్డాను. ఆపరేషన్ అయ్యాక కూడా కుడిచేతి వేళ్ళు కదల్లేదు. తుమ్మపాలలో మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ ముందు ఆ చెయ్యి చూసి, తర్వాత నా మొహం చూసేవాళ్ళు. కాలేజీ మానేశాను. గడప దాటడమే మానేశాను. అమ్మ ఏడ్చి ఊరుకునేది. అత్త ఊరుకునే రకం కాదు కదా, వచ్చి నన్ను బస్సెక్కించి తీసుకెళ్ళి కంప్యూటర్ ముందు కూలేసింది.

"నాకు కుదరదత్తా, రెండు చేతులుండాలి."

"ఆగవే. ఆట సెప్పినట్టు నువ్వు మారిపోవాలేటి? నీకు కుదిరినట్టు దాన్నే మార్సుదాం."

ఒక్కో మీటా ఎడమచేతి వైపుకి తెచ్చింది. మొదట ఏదో తప్పు చేసింది, బ్రేకు నొక్కితే హారన్ మోగింది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. దెబ్బ తగిలాక నేను నవ్వడం అదే మొదలు. తర్వాత రోజూ నేనే బస్సెక్కి వెళ్ళేదాన్ని. పరీక్షలకి కూడా వెళ్దామా అని మనసులో మొదలైంది.

దసరా సెలవులకి బావ స్నేహితుల్ని వెంటేసుకుని వచ్చాడు. నేను వెళ్ళేసరికి హాలు నిండా జనం. నువ్వూ ఆడు అని కుర్చీ ఇచ్చారు. విండో రాలేదు, ఆట నేరుగా మొదలైపోయింది. ప్రతిసారీ ఇదెందుకని బావ అడుగునున్న ఆ గడి నొక్కేశాడట. మీటలన్నీ కుడివైపే, వాడి అలవాటుకి తగ్గట్టు ఉన్నాయి. నా కారు గోడకి గుద్దుకుని అక్కడే ఉండిపోయింది. ఎవరో మెత్తగా "పోనీలెండి, నేనాడతాను" అన్నారు. ఆ మెత్తదనం భరించలేకపోయాను. ఇంటికొచ్చి, పరీక్షలు రాయనని అమ్మకి చెప్పేశాను. ఇక ఎక్కడికీ వెళ్ళనన్నాను. నిజంగానే వెళ్ళకూడదనుకున్నాను.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆటో దిగి, చెమటలు కక్కుతూ అత్త వచ్చింది.

"వచ్చీసింది. రా."

"ఏం వచ్చింది?"

"ఆ విండోయే!"

ఎంత వెతికినా దాన్ని వెనక్కి తెప్పించే దారి దొరకలేదట. ఆఖరికి ఆటనే మొత్తం తీసేసి, సీడీ నుంచి మళ్ళీ ఎక్కించింది. దాంతో ఇన్నాళ్ళూ ఆవిడ గెలిచిన పందేలూ, తెరిచిన రోడ్లూ అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి.

"అన్నీ పోయాయా అత్తా?"

"పోతే పోనీ, మళ్ళీ గెలుత్తాను. నాకేటి, ఊళ్ళేలే పనుందా? నువ్వు రాకపోతే మాత్రం నా పేణం ఉసూరుమంటాది."

వెళ్ళాను. తర్వాత పరీక్షలకీ వెళ్ళాను. ఈ రోజు బళ్ళో లెక్కలు చెబుతూ ఎడమచేత్తో బోర్డు మీద రాస్తున్నానంటే, అదంతా ఆవిడ చలవే. ఈ మాట ఆవిడ బతికుండగా చెబితే "సాల్లే" అని కొట్టిపారేసేది.

ఈ ఏడు అత్తకి పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది. పోయిన నెల చూడటానికి వెళ్తే, కంప్యూటర్ మంచం దగ్గరికి జరపమంది. విండో తెరిచి ఆవిడ వైపు చూశాను.

"స్టీరింగు నాకియ్యి. పరుగూ, బ్రేకూ నువ్వు సూసుకో" అంది.

ఎడమవైపు మీటలు అత్తకి, బాణం గుర్తులవి నాకు. ఇద్దరివీ ఎడమచేతులే. కారు సముద్రం పక్క రోడ్డు మీద బయల్దేరింది. నాకు ఆ రోడ్డు అయిపోవాలని లేదు. కావాలనే మెల్లగా నడిపాను.

"నొక్కవేటే! బళ్ళన్నీ ఎల్లిపోతన్నాయి!"

"వెళ్ళనీ అత్తా."

అన్నీ వెళ్ళిపోయాయి. ముగింపు గీత కనబడుతుండగా మీట మీద వేలు అలాగే ఉంచి, నొక్కడం మానేశాను. కారు ఆగిపోయింది. అత్త నన్ను తిట్టలేదు. స్టీరింగు వదిలేసి, చెయ్యి మెల్లగా ఇటు జరిపి, తన వేలితో నా వేలిని మీట మీద నొక్కింది. కారు కదిలింది.